శునకములు – ఇన్‌ఫ్లూయెంజా జ్వరము



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము ఇన్‌ఫ్లూయెంజా జ్వరము. ఇది మనుష్యులకు వచ్చు జ్వరమని మనమందఱ మెఱుగుదుము. కాని యిది పక్షులకును, పందులకును, గుఱ్ఱములకును, మన వాకిట కాపుండు కుక్కలకును గూడ వచ్చుననియు, ఒక్కొక్కప్పుడు ఒక జాతినుండి వేఱొక జాతికి ప్రాకుననియు ఎఱిగినవారు తక్కువ. ఎఱుగకపోవుటచేత రెండు తప్పులు జరుగుచుండును. మొదటిది అలక్ష్యము. పెంటమీద చచ్చిపడిన కోడిని కాలుపట్టి యీడ్చి కుక్కకు విసరివేయుదుము. రెండవది భయము. కుక్క యొకటి దగ్గుచు ముక్కు కార్చుచు కనబడినచో, ఊరికి తెగులు తెచ్చినదని కఱ్ఱలు పట్టుదుము, లేదా అన్నములో విషము కలిపి పెట్టుదుము. అలక్ష్యము వలన రోగమునకు దారి యేర్పడును. భయము వలన పాపమే కాని రోగము తగ్గదు. ఈ రెంటికి నడుమనున్న మార్గమును జూపుటయే నా యుద్దేశము.

మన రామగుండము, గోదావరిఖని ప్రాంతమువారు దీనిని ప్రత్యేకముగా తెలిసికొనవలసిన కారణము కలదు. ఒక వంక గోదావరి, దానిపై ఎల్లంపల్లి జలాశయము, అందు వ్రాలు నీటిపక్షులు. ఒక వంక సింగరేణి వారి గనులు, వానినంటి కార్మికుల వాడలు. వీని నడుమ పొలములు, పెరటికోళ్లు తిరుగు పల్లెలు. మనుష్యుడు ఒకచోట పని, ఒకచోట నిద్ర యని హద్దులు పెట్టుకొనును గాని కుక్కకు హద్దులు లేవు. ఉదయము కోళ్లంగడి యెదుట ప్రేగులకై కాచుకొనును. మధ్యాహ్నము ఏటి యొడ్డున నీరు త్రాగును. రాత్రి రెండవ షిఫ్టు దిగి వచ్చు కార్మికుని వెంట నడచి వాని వాకిట పరుండును. పక్షికిని మనుష్యునికిని నడుమ నిట్లు రాకపోకలు చేయు ప్రాణి వేఱొకటి లేదు. కావున కుక్క నోటికి ఏమి యందుచున్నదో చూచుకొనుట మన మేలునకే యని తెలియవలెను.

ముందుగా రోగమూలమును గూర్చి కొంచెము చెప్పెదను. ఇన్‌ఫ్లూయెంజాను గలిగించునది వైరసు అను అతి సూక్ష్మ పదార్థము. సామాన్యమైన సూక్ష్మదర్శనికి గూడ నది కానరాదు. దానికి తనంత తాను వృద్ధిపొందు శక్తి లేదు. ప్రాణిశరీరమందలి జీవకణమును జొచ్చి, ఆ కణముచేతనే తన ప్రతులను తయారు చేయించుకొనును. దాని లోపల ఎనిమిది ముక్కలుగా విడివడియున్న వ్రాత యొకటి కలదు. మన పూర్వులు తాటాకులమీద గ్రంథములు వ్రాసికొనిరి గదా! దీనిని ఎనిమిది ఆకుల చిన్న తాళపత్ర గ్రంథమనుకొనుడు. వ్రాయసకాడు తొందరలో ప్రతి వ్రాయునప్పుడు అక్షరములు తప్పునట్లే, ఈ వైరసు ప్రతులలోను తప్పులు దొరలుచుండును. పెక్కు తప్పులు దానికే చేటు. ఏదో యొకానొక తప్పు మాత్రము దానికి క్రొత్త యింటి తలుపు తెఱచును. ఇది యొక మార్గము. రెండవ మార్గ మింకను చిత్రమైనది. ఒకే ప్రాణికి రెండు తీరుల వైరసులు ఒకేసారి సోకినచో, ఆ రెండు గ్రంథముల ఆకులు కలిసిపోయి, దీనివి కొన్ని దానివి కొన్ని చేరి, మూడవ గ్రంథ మొకటి పుట్టవచ్చును. ఆ మూడవదానిని ఎఱిగియుండని శరీరములు దానికి సులభముగా లొంగును.

వైరసు పైపొరమీద రెండు విధములైన ముండ్లవంటివి కలవు. శాస్త్రజ్ఞులు వానిని హెచ్ అనియు ఎన్ అనియు పిలిచి, వాని తీరులకు అంకెలు వేసిరి. హెచ్ అనునది తాళపుచెవి వంటిది. దానితోనే వైరసు కణముయొక్క తలుపు తీయును. ఎన్ అనునది లోపల తయారైన ప్రతులను బయటికి విడిపించు కత్తెర వంటిది. పక్షుల ప్రేగులలోని తాళ మొక తీరు. గుఱ్ఱముల, కుక్కల శ్వాసనాళములలో హెచ్చుగా నున్నదియు ఆ తీరే. మన ముక్కు గొంతులలో హెచ్చుగా నున్నది వేఱొక తీరు. పందికి రెండు తీరులును గలవు. మన ఊపిరితిత్తుల లోతున మాత్రము పక్షితీరు తాళములు కొన్ని కలవు. కావున పక్షుల వైరసు మనుష్యునికి సోకుట అరుదు. సోకినచో లోతున నాటుకొని ప్రాణముమీదికి తెచ్చును.

ఆకులు కలియుటకు దృష్టాంతము మనకు దూరములో లేదు. 2009లో మెక్సికో, అమెరికా దేశములలో బయలుపడి లోకమంతట వ్యాపించిన స్వైన్ ఫ్లూ, పందుల వైరసుల ఆకులు కలిసి పుట్టినదే. మన దేశమున దాని మొదటి రోగి ఆ సంవత్సరము మే నెలలో హైదరాబాదుననే తేలెను. అతడు అమెరికానుండి విమానముపై వచ్చినవాడు. ఇంకొక విశేషము వినుడు. ఆ సంవత్సరమే అమెరికాలోని ఐయోవా రాష్ట్రమున ఒక పెంపుడు పిల్లికి తన యింటివారినుండి ఆ జ్వరము సోకినది. చైనాలోను, న్యూయార్కు రాష్ట్రమునందును కుక్కలకు సోకినది. పశువువలన మనుష్యునికి రోగము వచ్చునని యందఱు చెప్పుదురు. మనుష్యునివలన పశువునకు వచ్చునని చెప్పువా రెందఱు? ఈ బాటలో రాకయు పోకయు రెండును గలవు.

1918లో బొంబాయి రేవునుండి రైలుమార్గముల వెంట దేశమంతయు ప్రాకిన ఇన్‌ఫ్లూయెంజా వలన మన దేశమున కోటికి మించిన జనులు మరణించిరి. ఆనాటి వైద్యులు దాని మూలమును కనుగొనలేకపోయిరి. అప్పటికి మన కాజీపేట, బల్లార్షాల రైలుమార్గము లేదు. 1929లో ఆ మార్గము పూర్తియైన పిమ్మట రామగుండము ఉత్తర దక్షిణ దేశముల నడుమ రాజబాటమీద నున్నది. బొగ్గు పోవు మార్గముననే జనులును, జనులతో జ్వరములును వచ్చుచుండును.

ఆ మూలమును కనుగొన్న కథలో కుక్కకు గొప్ప పాత్ర కలదు. ఇంగ్లండులో పాట్రిక్ లెయిడ్‌లా అను వైద్యుడు కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను ప్రాణాంతక రోగమును పరిశోధించుచుండెను. ఫెర్రెట్ అను, ముంగిసను బోలిన చిన్న జంతువునకు ఆ రోగము సోకునని తెలిసి, ఆయన వానిమీద పరీక్షలు చేసెను. పిమ్మట 1933లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్ అనువారితో గూడి, జ్వరపడిన మనుష్యుల గొంతు కడిగిన నీటిని ఆ ఫెర్రెట్ల ముక్కులలో వేయగా వానికిని జ్వరము వచ్చెను. మనుష్యుని ఇన్‌ఫ్లూయెంజా వైరసు మొదటిసారి అట్లు చేజిక్కినది. కొంతకాలమునకు రోగముతోనున్న ఫెర్రెట్ యొకటి చార్లెస్ స్టూవర్ట్-హారిస్ అను పరిశోధకుని మొగముమీద తుమ్మగా ఆయనకును అదే జ్వరము వచ్చెను. కుక్కల రోగముకొఱకు పడిన శ్రమ మనుష్యుల రోగమునకు కన్ను తెఱపించినది. ఈ ఋణము మనము మఱవరాదు.

ఇక కుక్కల ఇన్‌ఫ్లూయెంజాను గూర్చి. చిరకాలము కుక్కలకు తమదైన ఇన్‌ఫ్లూయెంజా లేదనియే పండితులు తలచిరి. గుఱ్ఱములకు మాత్రము హెచ్3ఎన్8 అను వైరసు కలదు. అది 1963లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున గుర్తింపబడినది. అదే వైరసువలన 2008లో, వైష్ణోదేవి యాత్రికులను మోయు గుఱ్ఱములుండు జమ్మూ ప్రాంతపు కట్రాలో తెగులు బయలుదేఱి ఉత్తర దేశమున వ్యాపించినది. 2004 జనవరిలో ఫ్లోరిడాలోనే పరుగుపందెముల కుక్కలు 22 దగ్గుతోను జ్వరముతోను పడిపోయెను. వానిలో 8 చచ్చెను. పరీక్షింపగా వాని ఊపిరితిత్తులలో దొరకినది గుఱ్ఱముల వైరసే! అది గుఱ్ఱమునుండి కుక్కకు దాటి, తరువాత గుఱ్ఱముతో పనిలేకయే కుక్కనుండి కుక్కకు ప్రాకుట నేర్చినది. పిమ్మట నించుమించు 2007లో దక్షిణ కొరియాదేశమున పక్షుల వైరసొకటి, హెచ్3ఎన్2 అనునది, కుక్కలలో స్థిరపడినట్లు తేలెను. అది 2015లో సముద్రములు దాటి అమెరికాలోని షికాగో నగరమున కుక్కలలో బయలుపడి, పిల్లులకును సోకినది.

ఈ రోగము వచ్చిన కుక్క రెండు మూడు వారములు దగ్గును. ముక్కు కారును, ఒడలు వెచ్చబడును, తిండి తగ్గును, మూల నొదిగి పడియుండును. హెచ్చుభాగము కోలుకొనును, కొన్నిటికి ఊపిరితిత్తులలో వాపు వచ్చి ప్రాణము పోవును. సోకినవానిలో అయిదింట ఒకదానికి ఏ చిహ్నమును కనబడదు గాని అదియు రోగమును పంచుచుండును. దగ్గు తుంపరలవలనను, కలిసి తిన్న పాత్రలవలనను, తాకిన చేతులవలనను ఇది ప్రాకును. గట్టి వస్తువులమీద రెండు దినములు, బట్టలమీద ఒక దినము, చేతులమీద పండ్రెండు గంటలు వైరసు నిలువగలదు. దాని పైపొర కొవ్వుతో చేయబడినది గావున సబ్బునీరు తగిలినంతనే నశించును.

పెద్దలారా! ఈ మాట గట్టిగా పట్టుకొనుడు. కుక్కలలో స్థిరపడిన ఈ రెండు వైరసులలో ఏదియు ఇంతవఱకు మనుష్యునికి సోకినట్లు లోకమున నెక్కడను నమోదు కాలేదు. కావున దగ్గు కుక్కను జూచి ఊరు బెదరవలసిన పని లేదు. బెదరవలసినది, జాగ్రత్తపడవలసినది వేఱొకటి కలదు. అది కోళ్ల తెగులునకు మూలమైన హెచ్5ఎన్1.

ఈ పక్షుల వైరసు 1997లో హాంకాంగు నగరమున 18 మందికి సోకి, వారిలో ఆర్గురను బలిగొన్నది. మన దేశమున 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరు కోళ్లలో మొదట తేలినది. 2015లో హైదరాబాదు చెంతనున్న హయత్‌నగరు ప్రాంతమునకు వచ్చినది. 2025 ఫిబ్రవరిలో ఇదే గోదావరికి దిగువనున్న తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్లశాలలలో బయలుపడినది. 2024 డిసెంబరులో మన రైలుమార్గముమీదనే యున్న నాగపూరులో, గోరేవాడ సంరక్షణకేంద్రమునందు మూడు పులులును ఒక చిఱుతయు మరణింపగా, కారణము ఈ వైరసేయని తేలెను.

పక్షులకు వచ్చు తెగులు మాంసభక్షక జంతువులకు ఎట్లు చేరుచున్నది? 2004లో థాయిలాండు దేశమున ఒక కుక్క చచ్చిన బాతును తిని, జ్వరపడి, కొలది దినములలో చచ్చెను. ఆ యేడే ఆ దేశపు జంతుశాలలో పచ్చి కోళ్లమాంసము తినిన పులులు ఈ తెగులు పాలయ్యెను. చచ్చినవియు, వ్యాప్తి నాపుటకై చంపబడినవియు కలిసి నూటికి మించెను. 2023లో కెనడాలోని ఓషవా పట్టణమున ఒక పెంపుడుకుక్క అడవి పెద్దబాతును కొఱికి మరణించెను. 2025 మార్చిలో మన తెలుగుదేశముననే నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిపాప ఈ వైరసువలన కన్నుమూసినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్కను తిన్నదని యింటివారు చెప్పిరి. ఈ నాల్గు దృష్టాంతములందును కనబడు జాడ యొక్కటే: పచ్చిమాంసము నోటికి తగులుట. వైరసు తనంత తాను జాతుల నడుమనున్న అగడ్తను సులభముగా దాటలేదు. దానికి వంతెన వేయువారము మనము. చచ్చిన కోడిని కుక్కకు విసరిన చేయి ఆ వంతెనకు మొదటి పలక వేసినట్లే.

ఇది గనులను గూర్చి యెఱిగిన ప్రాంతము గావున ఇంకొక మాట చెప్పెదను. వెనుక ఇంగ్లండుదేశపు బొగ్గుబావులలో కెనరీ యను చిన్న పసుపుపచ్చని పక్షిని పంజరములో నుంచి లోనికి తీసికొనిపోవుచుండిరి. వాసన లేని విషవాయువు వ్యాపించినపుడు మనుష్యునికి తెలియకముందే ఆ పక్షి సొమ్మసిల్లి పడిపోవును. దానిని జూచి కార్మికులు వెంటనే బయటికి వచ్చి ప్రాణములు దక్కించుకొనుచుండిరి. ఆ పక్షి పడిపోగా, దానిని కాలితో త్రోసి పని సాగించిన బుద్ధిహీనుడు ఎవడైన నుండునా? మన పల్లెలలో ఒక్క రాత్రి పదికోళ్లు చచ్చినచో, అవియే మనకు కెనరీలు. కొక్కెర తెగులు కావచ్చును, ఎండదెబ్బ కావచ్చును, హెచ్5ఎన్1 కావచ్చును. కంటితో జూచి యెవడును చెప్పలేడు. పశువైద్యునికి తెలిపి పరీక్ష చేయించుటయే బుద్ధిమంతుల పని. కోళ్లు పోయినవన్న మాట బయటపడినచో మిగిలినవానిని కూడ చంపుదురేమో, బేరము పోవునేమో యని దాచువారు కలరు. నాలుగు కోళ్ల వెల యెంత? ఇంటిలోని పసిబిడ్డ వెల యెంత?

కుక్కలను కొట్టుటను గూర్చి మన భారతము మొదటనే ఒక కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవశుని యైన సరమ కుమారుడు అచటికి వచ్చి యూరక తిరుగుచుండెను. వాడు హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు. అయినను జనమేజయుని తమ్ములు వానిని కొట్టిరి. బిడ్డ యేడ్చుచు తల్లికడ కేగెను. సరమ రాజునెదుట నిలిచి, తప్పు చేయని బిడ్డను వివేకములేక కొట్టినవారికి ఊహింపని దిక్కునుండి భయము కలుగునని చెప్పిపోయెను. వ్యాసభారతమునందున్న ఈ కథను నన్నయభట్టారకుడును తెలుగున మొదటనే చెప్పెను. నేటి శాస్త్రము వెలుగున దీనిని చూచితినేని నాకు గొప్ప యర్థము తోచుచున్నది. తప్పు కుక్కది కానప్పుడు కుక్కను కొట్టినచో, అసలు తప్పు అటులే నిలిచియుండును. కోళ్లంగడి వ్యర్థములు బాటప్రక్కన పడియున్నంతకాలము ఒక కుక్కను చంపినచో నింకొకటి వచ్చి చేరును. భయము మాత్రము ఊహింపని దిక్కునుండియే వచ్చును. మఱియు కుక్కలను క్రూరముగా చంపుట 1960వ సంవత్సరపు శాసనము ప్రకారము శిక్షకు పాత్రమైన నేరము.

అయితే మనము చేయవలసిన పనులేవి? అవి కొలదిపాటివే.

చచ్చిన పక్షిని వట్టిచేతులతో ముట్టరాదు. చేతులకు సంచి తొడిగి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, లోతైన గోతిలో వేసి, సున్నము చల్లి, కుక్కలు త్రవ్వలేనట్లు కప్పవలెను. గోదావరిలో గాని, కాలువలో గాని, పాడుపడిన గోతిలో గాని పాఱవేయరాదు. ఒకటి రెండు కాక గుంపుగా చచ్చినచో కప్పిపెట్టుటకు ముందే పశువైద్యశాలకు వర్తమానము పంపవలెను.

కోళ్లంగళ్ల వ్యర్థములను మూతగల డబ్బాలలో నుంచి పురపాలకమువారి బండికి ఈయవలెనని ఊరిపెద్దలు, వాడపెద్దలు కట్టడి చేయవలెను. ఈ పని ఒక్కటి సరిగా జరిగినచో కుక్కల గుంపులును తమంత తాము తగ్గును.

మాంసమును, గ్రుడ్డును లోపలివఱకు బాగుగ ఉడికించి తినవలెను. ఉడికినదానిలో వైరసు బ్రదుకదు. తెగులు వార్త వినినంతనే ఉడికిన కూరకు భయపడనక్కఱలేదు. పచ్చిమాంసము కోసిన చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడుగవలెను. పచ్చిముక్కను పసిపిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనీయరాదు.

ఇంటికుక్క దగ్గినచో తక్కిన కుక్కలతో కలియనీక మూడు నాలుగు వారములు వేఱుగ కట్టి, దాని గిన్నె దానికే యుంచి, పశువైద్యునికి చూపవలెను. మనము మ్రింగు జ్వరపు మాత్రలు దానికి వేయరాదు. అవి కుక్కకును, అంతకంటె పిల్లికిని విషమగును. ఇంటిలో మనుష్యునికి జ్వరము వచ్చినపుడు వాడు పెంపుడు జంతువులను దగ్గరకు తీయరాదు. కోళ్లగూటిలోనికి, పందులదొడ్డిలోనికి పోరాదు.

బొగ్గుధూళి పీల్చి ఊపిరితిత్తులు నలిగినవారు మన ప్రాంతమున పలువురు కలరు. వారికిని, వృద్ధులకును, గర్భిణులకును ఇన్‌ఫ్లూయెంజా మిక్కిలి ప్రమాదకరము. ఏటేట వైద్యుని యడిగి టీకా వేయించుకొనుట మేలు. చచ్చిన పక్షులను ముట్టిన పదిదినములలో జ్వరమును ఆయాసమును వచ్చినచో, ఆసుపత్రిలో ఆ సంగతి తప్పక చెప్పవలెను. మొదటి రెండు దినములలో మందు పడిన మంచి గుణము కనబడును.

కుక్కనుండి మనుష్యునికి వచ్చి నిశ్చయముగా ప్రాణము తీయు రోగము ఇన్‌ఫ్లూయెంజా కాదు, రేబిస్. కుక్క కఱచినచో పావుగంటసేపు సబ్బుతో, పాఱునీటితో గాయమును కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. పసరులకు, మంత్రములకు పోయి కాలము పోగొట్టుకొనరాదు. కుక్కలకు ముందే టీకాలు వేయించిన ఊరికి ఆ భయము చాల తగ్గును.

పక్షి, పశువు, మనుష్యుడు అని మనము పేర్లు వేఱుగ పెట్టితిమి గాని గాలి యొక్కటి, నీరొక్కటి. ఒకరి యారోగ్యము ఇంకొకరి యారోగ్యముతో ముడిపడియున్నది. వాకిటి కుక్క పచ్చికళేబరము తినకుండ చూచిన గృహస్థుడు కుక్కను మాత్రమే కాదు, తన మనుమలను గూడ కాపాడుకొన్నవాడగును. మీ మాటకు ఊరిలో విలువ కలదు. చచ్చిన కోడిని కుక్కకు వేయు చేతిని ఆపుడు. తప్పు చేయని కుక్కపై నెత్తిన కఱ్ఱను గూడ ఆపుడు.